డాక్టరేట్ ఫ్లెక్సీలు వద్దు, వేదాంత చదువు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హనుమకొండ, కాజీపేట చౌరస్తాల్లో ఈమధ్య పాస్టర్లకు అభినందనలు చెప్పే ఫ్లెక్సీలు ఎక్కువయ్యాయి. నల్ల గౌను, నెత్తిన చదరపు టోపీ, పేరు ముందు 'డాక్టర్'. ఆ డాక్టరేట్ ఇచ్చిన యూనివర్సిటీ ఎక్కడుందని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. వాట్సాప్‌లో ప్రకటన వస్తుంది. డబ్బు కడితే ఏదో హోటల్ హాల్లో ఒక పూట కార్యక్రమం పెట్టి, గౌను తొడిగి, పట్టా చేతిలో పెడతారు. మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం చట్టప్రకారం ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా పొందిన సంస్థలకే ఉంది. నకిలీ యూనివర్సిటీల జాబితాను యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రకటిస్తూనే ఉంది. అయినా ఈ వ్యాపారం సాగుతోందంటే కొనేవాళ్లున్నారు, కొన్నవారికి శాలువాలు కప్పే చర్చి సంఘాలూ ఉన్నాయి. ఆ సంఘాల్లో కూర్చునే మనదీ ఇందులో బాధ్యత ఉంది.

అసలు చదువు ఎంత కష్టమో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ, ఆయన సహచరులు 1818లో బెంగాల్‌లో స్థాపించిన సెరంపూర్ కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది, 1918 నాటి బెంగాల్ చట్టంతో స్థిరపడింది. దాని సెనేట్ కింద బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, అంటే క్రైస్తవ వేదాంత డిగ్రీ) చేయాలంటే డిగ్రీ పాసైనవారికి మామూలుగా 4 ఏళ్లు పడుతుంది. బైబిల్‌లోని పాత, కొత్త నిబంధనలు, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, నీతిశాస్త్రం, కౌన్సెలింగ్, వీటితో పాటు హీబ్రూ లేదా గ్రీకు చదవాలి. ఆపైన ఎంటీహెచ్ (వేదాంతంలో మాస్టర్స్) మరో 2 ఏళ్లు. డాక్టరేట్ మాట ఆ తర్వాతే. కథోలికుల్లో ఫాదర్ కావాలంటే తత్వశాస్త్రం, వేదాంతం కలిపి కనీసం 6 ఏళ్లు చదవాలని వారి చర్చి చట్టమే చెబుతోంది. ఇన్నేళ్లు లైబ్రరీలో కూర్చుని వచ్చిన యువకుడిని పక్కన కూర్చోబెట్టి, మొన్న గౌను వేసుకున్నాయనకు వేదిక మీద పెద్ద కుర్చీ వేస్తున్నాం. ఇక మన పిల్లలు సెమినరీకి, అంటే పాస్టర్ల శిక్షణ కాలేజీకి, ఎందుకు వెళ్తారు?

ఇది క్రైస్తవుల ఇంటి గొడవే కదా అని మిగతా పాఠకులు అనుకోవద్దు. మన పల్లెల్లో కష్టమొస్తే ముందు తట్టే తలుపుల్లో పాస్టర్ గారి తలుపొకటి. పత్తి పోయి అప్పుల్లో పడ్డ రైతు, గల్ఫ్ నుంచి భర్త ఫోన్ రాక ఏడ్చే ఇల్లాలు, తాగుడుకు బానిసైన కొడుకు గురించి తల్లి, అందరూ అక్కడికే వస్తారు. పరకాల దగ్గర మా బంధువుల అమ్మాయికి ఫిట్స్ ఉండేవి. మాత్రలతో అదుపులోకి వచ్చాయి. స్వస్థత కూటానికి వచ్చిన బోధకుడొకరు 'ఇంకా మందులు మింగుతున్నావా, విశ్వాసం లేదా?' అన్నారు. తల్లి మాత్రలు ఆపేసింది. కొద్దిరోజులకే పిల్లకు ఫిట్స్ వచ్చి పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకుంది. ఆ ఊరి సంఘ కాపరి బీడీ చదివినవారు. చదువుకునే రోజుల్లో ఆసుపత్రి వార్డుల్లో రోగుల మంచాల దగ్గర కూర్చుని శిక్షణ పొందినవారు. 'అమ్మా, ప్రార్థన నేను చేస్తాను, మాత్ర నువ్వు వెయ్యి. రెండూ దేవుడిచ్చినవే' అని చెప్పి, వెంట ఉండి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ మాట ఆయన నోట వచ్చింది కాబట్టే ఆ తల్లి విన్నది. నేను చెప్పినప్పుడు వినలేదు.

'పేతురు ఏం చదివాడు? ఆత్మ ఉంటే చాలదా?' అని కొందరు పెద్దలు అడుగుతారు. పేతురు తన బోధకుడైన యేసు వెంట తిరుగుతూ, వింటూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నాడు. పౌలు యూదుల ధర్మశాస్త్ర గురువు గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నాడు. చెరలో ఉండి కూడా శిష్యుడు తిమోతికి రాస్తూ త్రోయ పట్టణంలో వదిలేసిన అంగీతో పాటు పుస్తకాలు తెమ్మన్నాడు.

అయితే మన ఊళ్లలోని పాస్టర్లను తప్పుపట్టి ఊరుకుంటే అన్యాయం. వారిలో ఎందరో వారమంతా ఆటో నడిపి, కూలికి పోయి, ఆదివారం వాక్యం చెబుతున్నారు. భార్యాబిడ్డలను, సంఘాన్ని వదిలి హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉండమంటే ఎలా కుదురుతుంది? చదువే వాళ్ల దగ్గరికి రావాలి. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, మన డోర్నకల్‌లోనే గ్రామ బోధకులకు శిక్షణ ఇచ్చారు. వారి భార్యలకూ చదువు చెప్పించారు. ఆ రెండో సంగతి నాకు చాలా ముఖ్యం. ఊళ్లో ఆడవాళ్లు తమ బాధ చెప్పుకునేది పాస్టర్ భార్య అయిన అమ్మగారితోనే. 2013లో నంద్యాలకు ఒక మహిళ బిషప్ అయ్యారు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఆమే మొదటి మహిళా బిషప్. మన అమ్మగార్లకు ఇంకా ప్రార్థన కూడికల్లో వంట పనే అప్పగిస్తున్నాం.

తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ, మెథడిస్టులు కలిసి ఒక వేదాంత కాలేజీ నడపగలరని 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ చూపించింది. అదే ఐక్యతతో వరంగల్‌లో ఒక అధ్యయన కేంద్రం పెట్టండని అన్ని సంఘాల పెద్దలను కోరుతున్నాను. క్లాసులు సోమ, మంగళవారాల్లో తెలుగులో జరగాలి. భార్యాభర్తలిద్దరినీ చేర్చుకోవాలి. కౌన్సెలింగ్, మానసిక ఆరోగ్యం గురించి చెప్పడానికి ఇక్కడి డాక్టర్లను పిలవాలి. సెరంపూర్ సెనేట్‌కు దూరవిద్యలో క్రైస్తవ అధ్యయనాల కోర్సులున్నాయి, మొదట వాటితో మొదలుపెట్టవచ్చు. ఫీజు పాస్టర్ జేబు నుంచి తీయకుండా సంఘ కానుకల్లోంచి కట్టాలి. ఫ్లెక్సీలకు, శాలువాలకు పెట్టే ఖర్చు అటు మళ్లిస్తే కొంతైనా కలిసొస్తుంది. కొత్త పాస్టర్‌ను పిలిచేటప్పుడు ఎక్కడ, ఎన్నేళ్లు చదివారని కమిటీ సభ్యులు మర్యాదగానే అడగాలి, సర్టిఫికెట్ చూడాలి.

ఆదివారం తప్ప తాళం తీయని హాళ్లు నగరంలో చాలా సంఘాలకు ఉన్నాయి. ఎవరైనా ఒక హాలు ఇస్తే, ఇంగ్లిష్‌లో ఉన్న పాఠాలను తెలుగులో విడమరిచి చెప్పడానికి నాతో పాటు మరికొందరు రిటైర్డ్ టీచర్లు జీతం లేకుండా రావడానికి సిద్ధంగా ఉన్నాం.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, హనుమకొండ