మంత్రి గారూ, మా ఇల్లు పుస్తకంలో రాసిన ధరకి మీరే కొనండి

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,

హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి నమస్కారాలు.

మా ఊరింటి పక్క చేనులోని ఫ్యాను, అదే కరెంటు తీసే గాలిమర, గురించి ఇది నా నాలుగో అర్జీ. మూడోదానికి "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. వెంటనే ఊరికి ఫోన్ చేసి, "ఫ్యాను తీసేశారా అమ్మా?" అని అడిగాను. జవాబు ఫోన్‌లోంచే వినబడింది, ఉష్షు... ఉష్షు... అని.

ఉరవకొండ దగ్గర మా ఊళ్లో ఇల్లు, వెనక రెండెకరాలు అమ్మేసి అమ్మను ఇక్కడికి తెచ్చుకుందామని మూడేళ్లుగా చూస్తున్నాను. పోయిన సంక్రాంతికి గుంతకల్లు నుంచి ఒకాయన వచ్చాడు. ఇల్లు నచ్చింది, బోరు నీళ్లు నచ్చాయి, అడ్వాన్స్ కట్ట తీసి అరుగు మీద పెట్టాడు కూడా. అప్పటికి నాలుగున్నర. పడమటి ఫ్యాను నీడ దిగింది. గోడ మీద ఒక రెక్క పోయింది, ఇంకోటి వచ్చింది, ఆయన టీ గ్లాసు మీదుగా, మొహం మీదుగా.

"దినామూ ఇంతేనామ్మా?"

"లేదప్పా, చలికాలమే. మోడం పట్టిన దినం అదీ రాదు. సద్దు మాత్రం దినామూ ఉంటాది" అంది మా అమ్మ. ఆవిడకి అబద్ధం చేతకాదు.

ఆయన కట్ట జేబులో పెట్టుకుని, ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు కాబోలు. తర్వాత వచ్చినవాళ్లంతా సగం నుంచే బేరం మొదలుపెడుతున్నారు. సగానికే ఇచ్చినా, స్టాంపు డ్యూటీ మాత్రం సర్కారు తన భూముల విలువల పుస్తకంలో రాసుకున్న ధర మీదే. ఆ పుస్తకంలో మా సర్వే నంబరుకి ఫ్యాను ఇంకా కనబడలేదు మరి!

ఫ్యాను ఉన్నది పక్క చేనులో. ఆ రైతుకి కంపెనీ డబ్బిచ్చింది, సంతోషం. 280 మీటర్ల దూరంలో ఉన్న మాకేం లేదు. 2016 కేంద్ర మార్గదర్శకాల్లో గాలిమర ఇళ్లకి కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలని ఉంది. కొలిచినవాళ్ల టేపు సాగే రకమేమో. ముందు ఊళ్లో సభ పెట్టి అడిగారా అంటే, ఏయే ప్రాజెక్టులకి పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 కేంద్ర నోటిఫికేషన్‌లో గాలిమరలు లేవు కాబట్టి అక్కర్లేదట.

అమెరికాలో 10 కిలోమీటర్ల లోపు గాలిమర కనబడితే ఇంటి ధర సగటున 1 శాతం తగ్గిందని 2024లో పరిశోధకులు తేల్చారు. ఒక్క శాతమైతే నేనీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. డెన్మార్క్‌లో ఆ 1 శాతం దాటితే గాలిమర పెట్టినవాడే ఇంటివాళ్లకి కట్టాలి, 2009 నుంచి అక్కడ చట్టమే ఉంది.

ఫ్యాను పీకేయమనడం లేదండీ. దూరం మళ్లీ కొలిపించండి. నష్టం ఎంతో తేల్చి ఇప్పించండి. ఏదీ కుదరదంటే, పుస్తకంలో రాసిన ధరకి ప్రభుత్వమే కొనుక్కోవచ్చు, మేం బేరం ఆడం. చూడ్డానికి వస్తే మాత్రం సంక్రాంతి రోజుల్లో, ఎండ ఉన్నప్పుడు, నాలుగున్నరకి రండి. అమ్మ టీ ఇస్తుంది.

ఇట్లు,
పరిష్కరించబడిన ఒక అర్జీదారు