ఫ్రెంచి అంకెల ఉచ్చారణకు అరసున్న కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగు విద్యార్థుల్లో కొందరు తెలుగు లిపిలో ఉచ్చారణ రాసిన చిన్న పుస్తకాలతో ఫ్రెంచి నేర్చుకుంటున్నారు. అంకెల దగ్గర ఆ పుస్తకాలు చాలడం లేదు. ఆరు అనే మాట ఒంటరిగా ఉంటే ‘సీస్’ అనీ, హల్లుతో మొదలయ్యే నామవాచకం ముందు ‘సీ’ అనీ, అచ్చుతో మొదలయ్యేదాని ముందు ‘సీజ్’ అనీ పలుకుతుంది. పదికీ ఇదే పద్ధతి. ఇరవై అనే ఫ్రెంచి మాట చివరి ‘త’కారం ఒంటరిగా వినిపించదు, 21 నుంచి 29 వరకు వినిపిస్తుంది, 80ని ‘నాలుగు-ఇరవైలు’ అంటారు కాబట్టి అదే మాట వచ్చే 81 నుంచి 99 వరకు మళ్లీ మాయమవుతుంది. పుస్తకాలు మాత్రం ఒక్కో అంకెకు ఒక్కో రూపమే ఇచ్చి ఊరుకుంటున్నాయి.

అంతకంటే పెద్ద చిక్కు ముక్కుతో పలికే అచ్చులది. ఒకటి, అయిదు, ఇరవై మాటలకు నిండుసున్న (ం) పెట్టడంతో విద్యార్థులు లేని ‘న్’ను గట్టిగా పలుకుతున్నారు. మనం పద్యాలకే వదిలేసిన అరసున్న (ఁ) ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఒడియా మాధ్యమంలో చదివిన మన పిల్లలకు, అచ్చును ముక్కుతో పలకాలని చూపే చంద్రబిందువు కొత్త కాదు. ఒడియాలో ఊరిని ‘గాఁ’ అన్నంత తేలికగా ఇరవైని ‘వేఁ’ అనగలరు.

ఫ్రాన్సులో ఫోన్ నంబరును రెండేసి అంకెల చొప్పున చెబుతారు. అక్కడ 75 అంటే అరవై-పదిహేను. అరవై వినగానే 6 రాసుకున్నవారు వెనకబడతారు. బెల్జియం, స్విట్జర్లాండుల్లో 70కి, 90కి వేరే మాటలున్నాయి.

ప్రచురణకర్తలు మలిముద్రణలో అరసున్న వాడి, ప్రతి అంకెనూ తరువాతి నామవాచకంతో కలిపి చూపాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, పర్లాకిమిడి