వడ్ల పైసలు పడంగనే హోల్డ్ పెడితే ఎట్ల?

ఎడిటర్ గారికి నమస్కారం,

లోన్ యాపుల వేధింపుల మీద వార్తలు వస్తనే ఉన్నయి, రాయాల్సిందే, కాదనను. గాని మా నల్లగొండ దిక్కు రైతుల పైసలు ఫోన్లు చేసి తిట్టేటోళ్ల కంటె ముందు సొంత బ్యాంకు ఖాతాలనే ఆగిపోతున్నయి సార్, దాని గురించి ఎవరూ మాట్లాడ్తలేరు.

హాలియా, నిడమనూరు దిక్కు యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్ల (సర్కారు వడ్లు కొనే సెంటర్లు) కాంటా అయినంక పైసలు నేరుగ ఖాతాల పడ్తయి. రైతు సంబురంగ ఏటీఎంకు పోతే బ్యాలెన్స్ కనిపిస్తది గాని నోట్లు రావు. లోపటికి పోయి అడిగితే క్రాప్ లోన్ రెన్యువల్ కాలేదు, హోల్డ్ పెట్టినం, వడ్డీ కట్టి రెన్యువల్ చేస్కో అంటరు. ముందుగల ఒక నోటీసు లేదు, మెసేజ్ లేదు. 2024 రుణమాఫీల 2 లక్షల కంటె ఎక్కువ బాకీ ఉన్నోళ్లు పైన ఉన్నది ముందు కట్టాలన్నరు కదా, అది కట్టలేక ఆగిపోయినోళ్లు మా ఊర్లె చానమంది ఉన్నరు, ఇప్పుడు ఈ హోల్డుల తిప్పలు ఎక్కువ వాళ్లకే.

బ్యాంకుకు అసలు హక్కే లేదని నేను అంటలేను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 171 సెక్షన్ల బ్యాంకులకు లీన్ హక్కు, అంటే బాకీ తీరేదాక బాకీదారు సొత్తు ఆపిపెట్టుకునే హక్కు ఉన్నది, బాకీ ఉన్న మనిషి డిపాజిట్ల నుంచి జమ చేసుకునుడు కూడ ఎప్పటి నుంచో నడుస్తున్నదే. కాని అది బాకీ ఎవరిదో వాళ్ల ఖాతా వరకే. భర్త లోనుకు భార్య ఖాతా ఆపుడు ఏంది, ఆమె ష్యూరిటీ సంతకం పెట్టకపోతే ఆమె పైసలకు దాంతోటి సంబంధమే లేదు.

ఇంకో తమాషా చూడున్రి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60 సెక్షన్ ప్రకారం బాకీ కోసం కూలోళ్ల కూలి జప్తు చేయరాదు, రైతు బతుకుదెరువుకు కావాల్సిన ఎడ్లు, పనిముట్లు, విత్తనాలు, ఉండే ఇల్లు ముట్టరాదు, సర్కారు ఉద్యోగం చేసినోళ్ల పెన్షన్, పీఎఫ్ పైసలు ముట్టరాదు, మామూలు బాకీకి జీతం జప్తు చేసినా మొదటి 1000 రూపాయలు, మిగిలిన దాంట్ల మూడింట రెండొంతులు వదిలిపెట్టాలె. జడ్జికే ఇన్ని అడ్డాలు పెట్టిన్రు. బ్రాంచిల కూసున్న ఆఫీసర్ మాత్రం ఒక్క బటన్ ఒత్తి పంట పైసలన్నీ ఆపేస్తడు.

అప్పు ఎగ్గొడ్తమని కాదు సార్. పంట పైసలు రాంగనే కోతమిషన్ కిరాయి, హమాలీలు, కౌలు, ఎరువుల దుకాణం బాకీ ముందు తీర్చాలె, లేకపోతే వానాకాలం దుక్కి మొదలే కాదు. మొత్తం హోల్డ్ పెడితే ఏం చేస్తడు, షావుకారి దగ్గర నూటికి 3 రూపాయల వడ్డీకి తెస్తడు, అంటే ఏడాదికి 36. మరి క్రాప్ లోన్ మీద వడ్డీ 7 శాతం, టైముకు కడితే 4. ఏడు శాతం అప్పు కోసం ముప్పై ఆరు శాతం అప్పుల దించుతున్నరన్న మాట, దీంతోని బ్యాంకుకు వచ్చే లాభమేందో నాకైతే సమజ్ కాలె.

ఇగ గిరిగిరోళ్లు (ఊర్లల్ల తిరుక్కుంట ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చేటోళ్లు), ప్రైవేట్ ఫైనాన్సోళ్లు. నీ అకౌంట్ ఫ్రీజ్ చేపిస్తం అని దబాయిస్తరు, వాళ్లతోని అయ్యే పని కాదది, కోర్టుల కేసు వేయాలె, ఆర్డర్ తెచ్చుకోవాలె. అందుకే వాళ్లు మన చేతుల నుంచే తీస్కపోతరు, ఏటీఎం కార్డు, పాస్‌బుక్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు. చెక్కు మాత్రం ఇయ్యకున్రి, బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసైతది, రెండేండ్ల దాక జైలు పడొచ్చు. ఈఎంఐకి ఆటో డెబిట్ ఇచ్చినోళ్లు కూడ ఖాతా ఖాళీ చేస్తే సరిపాయె అనుకోవద్దు, అది తిరిగి పోయినా 2007 నాటి పేమెంట్స్ చట్టం 25 సెక్షన్ల శిక్ష ఉన్నది, పైంగ బౌన్స్ చార్జీలు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు పొద్దున 8 కంటె ముందు, రాత్రి 7 దాటినంక ఫోన్ చేయొద్దని ఆర్బీఐ 2022లనే చెప్పింది, చుట్టాల ముందల ఇజ్జత్ తీసుడు కూడ బందే.

రైతులు చేసుకోదగ్గది ఒకటున్నది. లోన్ లేని వేరే బ్యాంకులనో పోస్టాఫీసులనో ఇంకో ఖాతా తీసి, టోకెన్ రాకముందే సెంటర్ల ఆ పాస్‌బుక్ జిరాక్స్ ఇయ్యాలె. పత్తి పెట్టినోళ్లకు సీసీఐ (పత్తి కొనే కేంద్ర సర్కారు సంస్థ) పైసలు ఆధార్ లింకున్న ఖాతాలనే పడ్తయి కాబట్టి కొత్త బ్యాంకుల ఫారం ఇచ్చి లింకు మార్పియ్యాలె, ఇప్పుడు ఏ బ్యాంకుకు ఉన్నదో ఆధార్ సైటుల చూడొచ్చు.

కలెక్టర్ గారు జిల్లాల బ్యాంకులన్నిటినీ కలిపి చూసే లీడ్ బ్యాంక్ మేనేజర్ తోటి మీటింగ్ పెట్టినప్పుడు ఈ సంగతి కూడ ఎజెండాల పెట్టాలె. హోల్డ్ పెట్టే ముందు తెలుగుల రాతపూర్వకంగ నోటీసు ఇయ్యాలె, రైతుభరోసా, ఉపాధి కూలి పైసలు ముట్టొద్దు, పంట పైసలల్ల ఖర్చుల మందం వదలాలె. రైతుబంధు ఉన్నప్పుడు ఆ పైసలు పాత బాకీకి పట్టుకోవద్దని సర్కారు బ్యాంకులకు చెప్పింది, మల్ల ఇప్పుడు చెప్పనీకి ఏమైంది. అప్పటిదాక ఎవరికన్న హోల్డ్ పడితే బ్రాంచిల రాసిచ్చి రసీదు తీస్కోన్రి, 30 రోజుల్ల జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు, వివరాలకు 14448 నంబర్ ఉన్నది.

ఇట్లు,
ఒక రైతు కొడుకు,
నిడమనూరు మండలం, నల్లగొండ జిల్లా