చివరి కుళాయిలో క్లోరిన్ ఎంతుందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వరదలు వచ్చినప్పుడల్లా ఎన్ని పడవలు దింపారు, ఎంతమందిని శిబిరాలకు చేర్చారు, ఎన్ని ఆహార పొట్లాలు పంచారు అన్న లెక్కలు మీ పత్రికలో శ్రద్ధగా వేస్తున్నారు. అవి వేయాల్సినవే. కానీ ఆ శిబిరంలో చివరి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో చెప్పే వార్త నేను ఇంతవరకు చదవలేదు. హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ ఒక్క అంకె కోసం రాత్రుళ్లు టార్చిలైటు పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకసారి వరద బాధితులను ఒక బడిలో ఉంచారు. పొద్దున్నే ట్యాంకులో క్లోరిన్ కలిపాం. ట్యాంకు దగ్గర పరీక్ష గొట్టంలో పట్టిన నీళ్లలో మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉందని చెప్పే పసుపు రంగు బాగానే తేలింది. అక్కడితో ఊరుకోకుండా వెనకవైపున్న చివరి కుళాయి దగ్గరికి వెళ్లి చూశాను. రంగే రాలేదు. పైపు ఎక్కడో పగిలి మురికినీళ్లు లోపలికి పోతున్నాయన్నమాట. కుళాయి కట్టేస్తుంటే జనం కోప్పడ్డారు. చంకలో బిడ్డతో ఉన్న ఒక తల్లి, "నీళ్లు తేటగానే ఉన్నాయి కదయ్యా, ఎందుకు కట్టేస్తావు?" అని అడిగింది. ట్యాంకు నీళ్లవీ, కుళాయి నీళ్లవీ రెండు గొట్టాలూ ఆమె చేతికే ఇచ్చి, ఒకదాంట్లో రంగు ఎందుకు రాలేదో చెప్పాను. ఆ సాయంత్రం దాకా ఆమే అక్కడ నిలబడి బిందెలతో వచ్చినవాళ్లను వెనక్కి పంపింది. పైపు మర్నాటికి బాగైంది. ఆ శిబిరంలో విరేచనాలు ప్రబలలేదు. ఏమీ జరగలేదు కాబట్టి అది ఎవరికీ వార్త కాలేదు.

జరిగితే ఎలా ఉంటుందో 1994 జులైలో ప్రపంచం చూసింది. రువాండా నుంచి ఐదు లక్షలకు పైగా జనం కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి అప్పటి జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమా పట్టణం చుట్టుపక్కలకు చేరారు. అది అగ్నిపర్వతపు రాతినేల, మరుగుదొడ్లకు గుంట తవ్వడమే కష్టం. తాగడానికి సరస్సు నీళ్లే దిక్కయ్యాయి. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. ఎక్కువమందిని బలి తీసుకున్నవి కలరా, రక్తవిరేచనాలు.

అందుకే శిబిరాలకు అంతర్జాతీయంగా కొన్ని లెక్కలు పెట్టుకున్నారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు ఉండాలి. ఒక కుళాయికి 250 మందిని మించకూడదు. మొదట్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. జనం నీళ్లు పట్టుకునే చోట లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆడవాళ్ల మరుగుదొడ్లకు లోపల గడియ, రాత్రి దారిలో దీపం కూడా ఆ లెక్కలో భాగమే. చీకట్లో వెళ్లలేక పొద్దంతా నీళ్లు తాగడం మానేసిన ఆడపిల్లలను నేను చూశాను.

ఇవన్నీ చూడాల్సిన మనిషిని పిలిచేదెప్పుడు? శిబిరం నిండిపోయి, వాసన మొదలయ్యాక మూడో రోజు. అప్పటికి వంటశాల పక్కనే మరుగుదొడ్డి వెలిసి ఉంటుంది. పెద్దవాళ్లు వస్తున్నారని గేటు ముందు రోడ్డుకు రెండువైపులా బ్లీచింగ్ పౌడర్‌తో తెల్లగా చారలు వేసి ఉంటారు. ఆ చారల వల్ల ఎవరి కడుపులోకీ మంచినీళ్లు పోవు. ఒకచోట చారలకు వాడగా మిగిలిన బస్తా నాకిచ్చారు. మూతి విప్పి తేమలో వదిలేయడంతో అందులో క్లోరిన్ చాలావరకు పోయింది. దాన్ని ఎంత కలిపినా పరీక్షలో రంగు రాలేదు. కొత్త బస్తా వచ్చేదాకా నాలుగు గంటలు నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. బురదనీళ్లలో అయితే మంచి పౌడర్ కూడా సరిగా పనిచేయదు, ముందు బురద తేర్చాలి. ఇవి తెలిసిన మనిషి మొదటి బండిలోనే ఉండాలి. శిబిరానికి స్థలం ఖాయం చేసే ముందే అతని మాట వినాలి.

మాతో దిగే పారిశుద్ధ్య కార్మికుల సంగతి చెప్పకుండా ఉండలేను. నా దగ్గర పనిచేసిన ఒకతను బూట్లు లేకుండా నాలుగు రోజులు మురుగునీటిలో చెత్త తీశాడు. కాలికి చిన్న గాయం ఉంది. తర్వాత జ్వరం, కళ్లు పచ్చబడటం. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎన్నో రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. బూట్ల కోసం నేను రాసిన చీటీ సంతకం కాకుండా బల్లమీదే ఉండిపోయింది. అతన్ని బూట్లు లేకుండా దింపడానికి నేనెందుకు ఒప్పుకున్నానని ఈనాటికీ బాధపడుతున్నాను. బూట్లు, చేతి తొడుగులు, ధనుర్వాతం టీకా ముందే సిద్ధంగా ఉండాలి. వరద వచ్చాక కొనేవి కావు అవి.

మీ విలేకరులకు ఒక్క మనవి. ఈసారి శిబిరానికి వెళ్లినప్పుడు ట్యాంకు దగ్గర ఆగిపోకండి. చివరి కుళాయి దాకా నడిచి, అక్కడ గొట్టం పట్టుకుని నిలబడ్డ మనిషిని క్లోరిన్ ఎంత వచ్చిందో అడగండి. పరీక్షకు ఒక్క నిమిషం చాలు. ఆ అంకెను ఆహార పొట్లాల లెక్క పక్కనే రోజూ వేయండి. అక్కడ గొట్టం పట్టుకుని ఎవరూ లేకపోతే, ఆ మాటే రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెల్త్ ఇన్‌స్పెక్టర్