ఎన్‌కే కణాల పరీక్షకు రక్తాన్ని ఐసులో పంపకండి

అయ్యా,

మూలకణాల (ఎముక మజ్జ) మార్పిడి చెన్నైలో చేయించుకుని నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వెళ్లిపోయినవారి రక్తం పరీక్షకు మళ్లీ ఇక్కడికే వస్తుంటుంది. ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలు, అంటే వైరస్ సోకిన కణాలనూ క్యాన్సర్ కణాలనూ చంపే తెల్ల రక్తకణాల పనితీరు చూడాల్సిన నమూనాలు కొన్ని ఐసు పెట్టెలో దిగుతున్నాయి. దయచేసి అలా పంపకండి. చల్లబడితే ఈ కణాల చంపే శక్తి పడిపోతుంది. రోగి ఒంట్లో లేని లోపం రిపోర్టులో కనబడుతుంది.

ఈ కణాల ఉత్త సంఖ్య కావాలంటే ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) ట్యూబు చాలు. పనితీరుకు ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబే కావాలి. ఎదుటి కణం మీద విషపు గుళికలు వదలడానికి ఎన్‌కే కణానికి కాల్షియం అవసరం, ఈడీటీఏ పట్టేసుకునేది దాన్నే. రక్తం తీశాక ట్యూబును మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేసి, ఐసు లేని థర్మోకోల్ పెట్టెలో, గది వేడిమిలో, 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టినా నమూనా పాడైనట్టే. శనివారం సాయంత్రం తీయించవద్దు. ల్యాబులో ఈ కణాలను కే562 అనే లుకేమియా కణాలతో కలిపి సుమారు 4 గంటలు ఉంచి, ఎన్ని చచ్చాయో చూస్తారు. అలసిన కణాలతో ఆ లెక్క తేలదు.

ఫారంలో మార్పిడి తేదీ, దాత ఎవరు, స్టెరాయిడ్ మోతాదు, ఒంట్లో దాగి ఉండే సీఎంవీ వైరస్ తిరగబెట్టిందా అన్నవి రాయించండి. ఇవి లేని అంకెకు అర్థం చెప్పలేం. మార్పిడి తర్వాత లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు) ముందుగా కోలుకునేవి ఎన్‌కే కణాలే. చాలామందిలో నెల తిరిగేసరికి సంఖ్య మామూలుకు వస్తుంది. అయితే అప్పటివి ఎక్కువగా లేత కణాలు, చంపే పని బాగా చేతనైన ముదురు కణాలు రావడానికి నెలలు పడుతుంది. సగం సరిపోలిన దాత నుంచి తీసుకుని, మార్పిడి తర్వాత 3, 4వ రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ మందు పొందినవారికి ఇంకా ఆలస్యం. స్టెరాయిడ్ వాడుతున్నా పనితీరు తగ్గుతుంది.

మా అసలు భయం వేరే ఉంది. తక్కువ అంకె చూసి ఇమ్యూనిటీ పెంచే పొడులూ కషాయాలూ కొంటున్నారు. మజ్జ మార్పిడివారు ఏది మొదలుపెట్టాలన్నా ముందు తమ డాక్టరును అడగాలి. కిడ్నీ మార్పిడివారికైతే ఈ ఆలోచనే ప్రమాదం. దాత కిడ్నీకి ఎదురు తిరిగే యాంటీబాడీలు పుట్టినప్పుడు, వాటిని పట్టుకుని ఆ కిడ్నీలోని సన్న రక్తనాళాలను దెబ్బతీసేవాటిలో ఎన్‌కే కణాలూ ఉంటాయి. పైగా కొన్ని మూలికలు ఒంట్లో టాక్రోలిమస్ (మార్పిడి చేసిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందు) మట్టాన్ని మార్చేస్తాయి. పంపరపనస తిన్నా అది పెరగవచ్చు. రిపోర్టులో ఏ అంకె వచ్చినా టాక్రోలిమస్ మాత్ర సొంతంగా తగ్గించుకోకండి, మానకండి.

– ఫ్లో సైటోమెట్రీ ల్యాబు ఉద్యోగులు, చెన్నై