రజితా, ఏ దాంట్లో దొరుకుతావో చెప్పు

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా రజితా,

బాగున్నావనుకుంటున్నా. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం నయం. మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలే మునిగాయి కదా, మన గల్లీలో నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి. బియ్యం సంచులతో పాటు నీ పుస్తకాల పెట్టె కూడా ముందే అటకెక్కించాం, ఒక్కటీ తడవలేదు. వార్తలు చూసి నువ్వు ఫోన్ చేస్తావని మీ అమ్మ ఆ రాత్రి ఫోన్ తలాపునే పెట్టుకుని పడుకుంది. నీకు పని ఎక్కువై ఉంటుంది. సరే, నేను రాయాలనుకున్నది అది కాదు.

ఇది మెయిల్‌లో పంపడానికి కారణం ఉంది. మెయిల్ అయితే నీది ఏ కంపెనీదైనా సరే, అడ్రసు సరిగ్గా ఉంటే చేరుతుంది. ఈ మెసేజ్ యాప్‌లు అట్లా కాదు. ఒకదాంట్లో పెట్టింది ఇంకోదాంట్లోకి పోదు. మన కంప్యూటర్‌లో ఎవరి కోసం వేయించింది వాళ్ల కోసం అలాగే ఉండిపోయింది. దుబాయిలో వాట్సాప్ మెసేజ్ పోతుంది కానీ కాల్ పోదు కాబట్టి మీ చిన్నాయిన కోసం బోటిమ్. గ్రూప్-2 పీడీఎఫ్‌లన్నీ అందులోనే వస్తాయని శ్రీను కోసం టెలిగ్రామ్. నీ కోసం మొదట స్కైప్, తర్వాత టీమ్స్. ఇవిగాక అందరితో పాటు వాట్సాప్.

నీ దగ్గర్నుంచి జవాబు రాకపోవడానికి ఈ గజిబిజే కారణమేమో అనిపించి, పొద్దున టిఫిన్ కాగానే శ్రీనును కూర్చోబెట్టి ఒక్కొక్కటే తెరిపించాను. స్కైప్ గుర్తు ఇంకా తెర మీదే ఉంది. అది 2025 మే 5న మూతపడింది, అయినా మీ అమ్మ రోజూ దాన్నే నొక్కుతోంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో టీమ్స్‌లోకి పోతే పాత చాట్‌లన్నీ వచ్చాయి. తీరా చూస్తే టీమ్స్‌లో రజితలు ఇద్దరు. ఒకటి నీ సొంత అకౌంట్. ఇంకోటి, ఉగాదికి నువ్వు ఆఫీసులోంచి మాట్లాడావే, అప్పటి ఆఫీసు అకౌంట్. రెండిటికీ పేరు ఒక్కటే, ఫొటో ఒక్కటే. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మెయిల్ అడ్రసు చూస్తే గానీ తేడా తెలియదు. మీ అమ్మ రాసిందంతా ఆఫీసు దాంట్లోకే పోయింది. "తొక్కు సీసా తీసిపెట్టిన, అడ్రసు పెట్టు బిడ్డా" అని పండుగ ముందు పెట్టింది, పండుగ తర్వాత మళ్లీ పెట్టింది. అన్నీ అక్కడే పడి ఉన్నాయి. ఆఫీసు అకౌంట్ ఉద్యోగం ఉన్నన్నాళ్లే మన చేతిలో ఉంటుంది. మానేస్తే వాళ్లు మూసేస్తారు, అందులో రాసింది మళ్లీ మన కంటపడదు. ఆ అకౌంట్ నువ్వు ఇప్పుడు చూస్తున్నావా? ఊరికే అడుగుతున్నా.

వాట్సాప్‌లోనూ నీవి రెండు నంబర్లు, ఇక్కడిదొకటి, ఐర్లాండ్‌దొకటి. అమ్మ ఫోన్‌లో ఉన్నది ఇక్కడిది. దానికి పెట్టిన వాటికి ఒక్క టిక్కే పడింది, అంటే ఇక్కడ్నుంచి పోయింది కానీ నీ ఫోన్‌కు చేరలేదు. నంబర్ మార్చేటప్పుడు సెట్టింగ్స్‌లోనే 'నంబర్ మార్చు' అని ఉంటుంది, దాంతో మారిస్తే చాట్‌లు, గ్రూపులు వెంటే వస్తాయి. కొత్తగా ఇంకో అకౌంట్ తెరవకూడదు. ఇక్కడి సిమ్‌కు నేను రీచార్జ్ చేయిస్తూనే ఉన్నా. వదిలేస్తే ఆ నంబర్ ఇంకెవరికో ఇచ్చేస్తారు, నీ బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఈ సంగతి నీకు ఎన్నోసార్లు చెప్పాను, పట్టించుకోవు. సిమ్ ఎక్కడ పెట్టావో ఒకసారి చూసుకో.

చివరికి శ్రీను టెలిగ్రామ్ తెరిచాడు. తుఫాను రోజు వాడు అందులో నీకు మన గల్లీ ఫొటో పెట్టాడట. దానికి రెండు టిక్కులు ఉన్నాయి. వాట్సాప్‌లో మామూలు రెండు టిక్కులంటే చేరిందనే అర్థం. టెలిగ్రామ్‌లో అట్లా కాదు, వాళ్ల సర్వర్‌కు చేరితే ఒకటి, అవతలివాళ్లు తెరిస్తేనే రెండోది. శ్రీను ఇది చెప్పి ఊరుకున్నాడు. నేను మీ అమ్మకు చెప్పలేదు.

అంటే నువ్వు చూశావు బిడ్డా. చూసి కూడా "బాపూ, ఎట్లున్నరు" అని ఒక్క మాట రాయలేదంటే అది యాప్‌ల గజిబిజి కాదు.

మీ మేనత్త కాజీపేటలో పెళ్లికి పోయి, మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట అని విని వచ్చింది. పెళ్లిళ్లలో నలుగురూ నాలుగు అంటారు, నేను పట్టించుకోలేదు. కానీ ఒకవేళ నిజమైతే దాచుకోవాల్సింది ఏముంది? ఉద్యోగం ఒకటి పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు, టైము పడితే పడుతుంది. ఇల్లు ఎక్కడికీ పోలేదు. లోన్ కిస్తీ కొన్ని నెలలు నేను కట్టగలను, పెన్షన్ వస్తోంది. తినకుండా మాత్రం ఉండకు. అక్కడ ఇప్పుడు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుందట, చీకటి గదిలో ఒక్కదానివే కూర్చోకుండా పగటిపూట కాసేపు బయట నడువు. స్వెటర్ మీద కోటు కూడా వేసుకో. నీకు చిన్నప్పటి నుంచి దగ్గు తొందరగా పట్టుకుంటుంది.

ఇక నుంచి ఇంటికి ఒక్క వాట్సాపే, అదీ నీ ఐర్లాండ్ నంబర్‌కే. అమ్మ ఫోన్‌లో ఆ నంబరే పెట్టించాను, టీమ్స్ తీసేయించాను. కంప్యూటర్‌లో చూసుకోవడానికి ఫోన్ పక్కన ఉండక్కర్లేదు, అయితే ఫోన్‌లో 14 రోజులు తెరవకపోతే కంప్యూటర్‌లో లాగిన్ దానంతటదే పోతుందని అమ్మకు చెప్పాను. రోజూ తెరుస్తోంది.

సరళక్క కొడుకు డిసెంబర్‌లో డబ్లిన్ వస్తున్నాడు. తొక్కు, కారప్పొడి, నీ పాత శాలువా అతని దగ్గర పంపిస్తా. ఉన్నది పాత ఇంట్లోనేనా, మారావా? అడ్రసు ఈ మెయిల్‌కే రాయి. మిగతాది నీకు చెప్పాలనిపించినప్పుడు ఫోన్ చెయ్యి. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే, నేనే ఎత్తుతా.

మీ బాపు