పాపభీతి గురించి నువ్వడిగినదానికి

బుజ్జీ,

అమ్మమ్మ మాట నీకు గుచ్చుకుందని రాశావు. "దైవభీతి లేనివాళ్ళకి పాపభీతి ఎక్కడిది?" అన్నది ఆవిడ నిన్ను తిట్టడానికి కాదు. మన వైపు ఆ రెండు మాటలూ కవలపిల్లల్లా జంటగానే వినబడతాయి. ఒకటి పోతే రెండోదీ పోతుందని ఆవిడ భయం. నువ్వేమో పూజ మానేసినంత మాత్రాన చెడ్డదాన్నయిపోతానా అని నన్ను నిలదీశావు. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషినే, అయినా ఇందులో ఆవిడ పక్షం నిలబడలేను. అలాగని నీ పక్షమూ పూర్తిగా కాదు.

ముందు పసిపిల్లల సంగతి చూడు. 2006లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఏడాదిన్నర పిల్లల ముందు చిన్న నాటకం ఆడారు. బట్టలారేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడుతుంది, అందక చెయ్యి చాపుతాడు. ఇంకోసారి చేతినిండా పుస్తకాలతో వచ్చి బీరువా తలుపు తీసుకోలేక అవస్థ పడతాడు. సాయం చెయ్యమని నోరు తెరిచి అడగడు, చేస్తే ఏమీ ఇవ్వడు. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా లేచి వెళ్ళి సాయం చేశారు. ఆ వయసుకి మాటలే సరిగ్గా రావు, ఇక దేవుడేమిటి, నరకమేమిటి!

రెండేళ్ళ తర్వాత వాళ్ళే ఇంకో సంగతి బయటపెట్టారు. ఇరవై నెలల పిల్లల్లో కొందరికి సాయం చేసినప్పుడల్లా ఆడుకునే వస్తువొకటి ఇచ్చారు, కొందరిని మెచ్చుకుని ఊరుకున్నారు, కొందరికి ఏదీ లేదు. తర్వాత అందరికీ ఇవ్వడం ఆపేసి చూస్తే, వస్తువుకి అలవాటు పడ్డవాళ్ళే మిగతావాళ్ళకన్నా తక్కువగా లేచారు. చిత్రగుప్తుడి చిట్టాలో పుణ్యం జమ అవుతుందని పిల్లలకి ఆశ పెట్టి మంచి నేర్పేవాళ్ళు ఈ ప్రయోగం సంగతి ఒక్కసారి తెలుసుకుంటే బాగుండును. నా మాటకేం గానీ, నిన్ను పెంచేటప్పుడు నేనూ ఆ చిట్టాని కొంచెం వాడాను.

ఇక భయం. పైనుంచి ఎవరో చూస్తున్నారన్న ఎరుక మనిషిని అదుపులో పెడుతుందనేది పాత మాటే. దాన్ని కెనడాలోని వాంకూవర్‌లో అజీమ్ షరీఫ్, ఆరా నోరెంజాయన్ 2007లో పరీక్షించారు. మనిషి చేతికి పది డాలర్లు ఇచ్చి, పక్క గదిలో ఉన్న తెలియని మనిషికి ఎంతిస్తావో నీ ఇష్టం అన్నారు. అంతకుముందు చెదిరిన మాటల్ని వాక్యాలుగా పేర్చమని చిన్న పని పెట్టారు. దేవుడు, పవిత్రం, ప్రవక్త లాంటి మాటలు తగిలినవాళ్ళు సగటున 4.56 డాలర్లు ఇచ్చారు. ఏ ప్రత్యేకమైన మాటలూ తగలనివాళ్ళు 2.56. ఇక్కడితో ఆపేస్తే అమ్మమ్మ గెలిచినట్టే. కానీ మూడో గుంపు ఒకటుంది. వాళ్ళకి కోర్టు, పోలీసు, ఒప్పందం లాంటి మాటలు పెట్టారు. వాళ్ళిచ్చింది 4.44. అంటే యముడు చేసే పనిని ఎస్సై కూడా చేస్తాడన్నమాట. పైగా 2015లో ఇంకా చాలా ఎక్కువమందితో ఇదే ప్రయోగాన్ని తిరిగి చేస్తే, దేవుడి మాటల ప్రభావం అసలు కనబడనేలేదు. కాబట్టి దీనిమీద ఎవరు ఎంత గొప్ప మేడ కట్టినా నువ్వు పునాది చూడు.

నీ పక్షం వాళ్ళ తప్పు కూడా చెప్పాలి. మతం ఉన్న ఇళ్ళ పిల్లలు స్వార్థపరులని ఒక పరిశోధన 2015లో ప్రపంచమంతా మోగిపోయింది. ఆరు దేశాలు, 1,170 మంది పిల్లలు, స్టిక్కర్లు పంచుకునే ఆట. నాస్తికులు పండగ చేసుకున్నారు. లోపల జరిగిందేమిటంటే, దేశాలకి ఒకటి, రెండు, మూడు అని గుర్తుగా అంకెలు వేశారు. లెక్క కట్టేటప్పుడు కంప్యూటరు వాటిని పేర్లుగా కాక పరిమాణాలుగా తీసుకుంది. 5వ నంబరు బస్సుకన్నా 10వ నంబరు బస్సు రెట్టింపు పొడవుంటుందని లెక్కేసినట్టు. దేశానికీ దేశానికీ ఉన్న తేడా అలా మతం ఖాతాలో పడింది. పైన చెప్పిన షరీఫే ఆ అంకెల్ని సరిచేసి మళ్ళీ లెక్కవేస్తే, పిల్లల ఉదారతకీ ఇంట్లో మతానికీ ఉందన్న సంబంధం చాలావరకు నిలవలేదు. 2019లో ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. పండగ చేసుకున్నవాళ్ళలో ఎంతమంది ఆ సంగతి పట్టించుకున్నారో నీకే వదిలేస్తాను.

అన్నిటికన్నా నన్ను పట్టుకుని వదలనిది 1973లో వచ్చిన ఒక ప్రయోగం. అమెరికాలోని ప్రిన్స్టన్‌లో పాదిరీలు కాబోయే విద్యార్థుల మీద జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ చేశారు. ఒక్కొక్కర్నీ ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చెయ్యమని పంపారు. సగం మంది ప్రసంగించాల్సింది బైబిల్లోని మంచి సమరయుడి కథ మీద. దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న పరాయివాడి కథ అది. మిగతా సగానికి ఉద్యోగాల గురించిన మామూలు విషయం ఇచ్చారు. దారిలో గుమ్మం దగ్గర ఒక మనిషి తల వేలాడేసి కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. 40 మందిలో ఆగింది 16 మంది. ఎవరు ఆగారన్నది వాళ్ళ భక్తిని బట్టి లేదు, ప్రసంగం విషయాన్ని బట్టీ తేలలేదు. తీరిక ఉందనుకున్నవాళ్ళలో 63 శాతం ఆగారు, కాస్త తొందరలో ఉన్నవాళ్ళు 45 శాతం, "ఇప్పటికే ఆలస్యమైంది, పరిగెత్తు" అని పంపినవాళ్ళు 10 శాతం. సమరయుడి మీద మాట్లాడ్డానికి పోతూ ఆ మనిషిని దాటుకుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఇక్కడినుంచి మొదలవుతుంది. మంచితనానికి మూలం నమ్మకం కాదు సరే, మరి చర్చికి, మసీదుకి, గుడికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ దానం చేస్తారని సర్వేల్లో ఎందుకు వస్తుంది? రాబర్ట్ పట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ అమెరికాలో పెద్ద సర్వే చేసి 2010లో తేల్చిందేమిటంటే, దేవుడి మీద ఎంత నమ్మకం, నరకమంటే ఎంత భయం అన్నవాటితో దానానికి పెద్ద సంబంధం లేదు. చర్చిలో ఎంతమంది స్నేహితులున్నారు అన్నదానితో ఉంది. భార్య వెంట చర్చికి వెళ్ళి అక్కడివాళ్ళతో కలిసిపోయిన నాస్తికుడు, ఇంట్లో ఒంటరిగా ప్రార్థించుకునే మహాభక్తుడికన్నా ఎక్కువగా అన్నదానానికి గరిటె పడతాడట. అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినప్పుడు మొహమాటం ఉంటుంది. మళ్ళీ వారం వాళ్ళ మొహమే చూడాలి కదా.

రెండోది సమయం. చర్చికి వెళ్ళే క్రైస్తవులు దానం కోసం వచ్చిన విన్నపానికి ఆదివారాల్లో ఎక్కువగా స్పందిస్తారని, మిగతా రోజుల్లో అందరితో సమానమేనని దీపక్ మల్హోత్రా 2010లో చూపించాడు. నమ్మకం వారమంతా ఉంటుంది, ఆదివారం మాత్రం వారానికి ఒక్కసారే వస్తుంది.

ముస్లింలు ఏటా తప్పక ఇవ్వాల్సిన దానం జకాత్‌ని చూడు, ఎంత చక్కని పనిముట్టో. నిర్ణీత మొత్తం (87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ) దాటిన పొదుపు ఒక చాంద్రమాన సంవత్సరం నిలవుంటే అందులో రెండున్నర శాతం. ఎవరికివ్వచ్చో ఎనిమిది వర్గాలు చెప్పారు. తల్లిదండ్రులకీ పిల్లలకీ ఇస్తే లెక్కలోకి రాదు, వాళ్ళని చూసుకోవడం ఎలాగూ నీ బాధ్యతే. ఎంత, ఎప్పుడు, ఎవరికి అన్న మూడింటికీ జవాబు ముందే ఉంది. సంపాదనలో పదోవంతు ఇచ్చే సిక్కుల దస్వంద్, క్రైస్తవుల దశమభాగం కూడా అంతే. మన ఇళ్ళలో శాతం పెద్దగా లేదు గానీ తిథి ఉంది. తద్దినం నాడు భోజనం పెట్టడం, సంక్రాంతికి ధాన్యం ఇవ్వడం. మనసు బాగున్నప్పుడు చేద్దాంలే అని ఎవరూ వాయిదా వెయ్యరు.

నువ్వు నమ్మకం మానేసినప్పుడు పోగొట్టుకున్నది మనస్సాక్షిని కాదు, క్యాలెండర్ని. దాన్ని మళ్ళీ నువ్వే తయారుచేసుకోవాలి, లేకపోతే మంచివాళ్ళే ఏమీ చెయ్యకుండా ఏళ్ళు గడిపేస్తారు. నీ పక్షం పూర్తిగా నిలబడనన్నది ఇందుకే.

ఇది నమ్మనివాళ్ళకి చేతకాదని కూడా అనుకోకు. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకి మార్చారు. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చి ఊరుకుంటే ఎవరికీ గుర్తుండేవారు కాదు. కులాంతర వివాహాలు, అంటరానితనం మీద పోరాటం, సహపంక్తి భోజనాలు పెట్టుకున్నారు. మతం లేని ఇంటికి కూడా ఒక దినచర్య ఏర్పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం చూడు. నేరస్థ తెగలన్న ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల కోసం 1913లో ఆ సెటిల్‌మెంటు పెట్టి నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. పొలం ఇచ్చారు, బడి ఇచ్చారు. నేరస్థ తెగల చట్టం ప్రకారం హాజరు కూడా తీసుకున్నారు, అనుమతి లేనిదే ఊరు దాటనివ్వలేదు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. 1970లలో అదే ఊళ్ళో నేరం మాన్పించి బతుకు మార్చే పని చేసింది గోరా కొడుకు లవణం, ఆయన భార్య హేమలత. ఆవిడ కవి జాషువా కూతురు. ఇద్దరూ నాస్తికులే. ఒకే ఊరు, ఒకే జనం, ఒకరు దేవుడి పేరుతో, ఒకరు దేవుడు లేకుండా. ఎవరి సాయం మంచిదని నమ్మకాన్ని బట్టి తేల్చలేం. ఎదుటివాణ్ణి ముద్దాయిలా చూశారా, మనిషిలా చూశారా అన్నదాన్ని బట్టి తేల్చచ్చు.

నీ క్యాలెండర్‌కి మొదటి పని రక్తం. అది ఎవరికి వెళుతుందో నీకు తెలియదు, ఎవరిచ్చారో వాళ్ళకి తెలియదు, బ్లడ్‌బ్యాంకు సంచి మీద మతం రాయరు. ఆడవాళ్ళు 120 రోజులకోసారి ఇవ్వచ్చు, మగవాళ్ళు 90కి. వయసు 18 నిండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. అప్పుడు తీసేది 350 మిల్లీలీటర్లు. 450 తీయాలంటే 55 కిలోలు దాటాలి. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, నిన్ను వెనక్కి పంపితే చాలావరకు దీనివల్లే పంపుతారు. అందుకని నెల ముందే ఒకసారి చూపించుకుని, తక్కువుంటే డాక్టర్ని అడిగి ఐరన్ మొదలుపెట్టు. నెలసరి రోజుల్లో తీసుకోరు. పచ్చబొట్టు పొడిపించుకుంటే ఏడాది ఆగాలి. ఖాళీ కడుపుతో అస్సలు వెళ్ళకు, నాలుగు గంటల లోపు ఏదో ఒకటి తిని ఉండాలి. శివరాత్రి ఉపవాసముండి పుణ్యమని శిబిరానికి వెళ్ళేవాళ్ళు కళ్ళు తిరిగి పడేది ఇందుకే.

ఏ రోజు ఇవ్వాలన్నది కూడా ఆలోచించు. పెద్దవాళ్ళ జయంతులకి, పుట్టినరోజులకి ఒకే రోజు గుంపులుగా ఇస్తారు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిలవుంటాయి, ఎర్రకణాలు కలిపిన ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు. ఆ తర్వాత మిగిలింది పారబొయ్యడమే. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లలకి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, వాళ్ళు జయంతి కోసం ఆగలేరు. కాలేజీలకి సెలవులిచ్చే మే నెలలో బ్లడ్‌బ్యాంకులు ఖాళీ. కాబట్టి జనవరి 7, మే 8, సెప్టెంబరు 7 పెట్టుకో, మధ్యలో 120 రోజులూ దాటతాయి. వాట్సాప్‌లో వచ్చే "అర్జంటు" సందేశాలకి పరిగెత్తకు. తేదీ, ఆసుపత్రి, ఎన్ని యూనిట్లు అన్నవి లేకపోతే అది పాతదే అయ్యుంటుంది. ముందు ఆ ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకుకే ఫోన్ చేసి కనుక్కో.

డబ్బు విషయం చిన్నదే. జీతం పడిన మర్నాడు దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో పెట్టు. మొదట రెండున్నర శాతం చాలు, ముస్లిం స్నేహితుల దగ్గర అంకె అరువు తెచ్చుకున్నాననుకో. ఒకటి రెండు సంస్థలకే ఇవ్వు, పదిమందికి పంచితే ఒక్కరి ఆడిట్ నివేదిక కూడా చదవవు. నిన్ను అడిగే మనిషి ఒకరు ఉండాలి, అది మాత్రం బ్యాంకు చెయ్యలేదు. మీ ఆఫీసులో ఇద్దర్ని కలుపుకుని మే నెల వంతు కలిసి వెళ్ళండి. ఒక్కదానివే అయితే మొదటిసారి వర్షమనీ, రెండోసారి మీటింగనీ మానేస్తావు. ఆ పాదిరీ విద్యార్థుల్లో పరిగెత్తినవాళ్ళు మనకన్నా చెడ్డవాళ్ళేం కాదు.

అమ్మమ్మకి ఫోన్ చేసినప్పుడు ఇదంతా ఏకరువు పెట్టకు. రక్తం ఇచ్చొచ్చానని తేదీ మాత్రం చెప్పు. ఆవిడ పంచాంగం తీసి ఆ రోజు తిథి ఏమిటో, నక్షత్రం ఏమిటో చూసి, మంచిరోజే అని తనే అంటుంది. నువ్వు ఊఁ కొట్టు.

మీ అమ్మ